మాక్ డ్రిల్ ఎందుకు చేస్తారు, దాని నుంచి ఏం తేలాలి?

2023లో దేశంలోని అనేక ప్రాంతాల్లో దశలవారీగా మొబైల్ ఫోన్లు ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో మోగి, తెర మీద ఒక అత్యవసర హెచ్చరిక కనిపించింది. ఇది టెలికమ్యూనికేషన్ల విభాగం పంపిన నమూనా పరీక్ష సందేశమనీ, పట్టించుకోనవసరం లేదనీ అందులోనే రాసి ఉన్నా, ఫోన్ హ్యాక్ అయిందేమోనని కంగారుపడినవారు ఉన్నారు. 2025 మే 7న 244 పౌర రక్షణ జిల్లాల్లో ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో మాక్ డ్రిల్ నిర్వహించాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పినప్పుడు, యుద్ధం వచ్చేస్తోందా అని కొందరు భయపడితే, సైరన్ మోగించి ఫొటోలు దిగే తంతే కదా అని మరికొందరు కొట్టిపారేశారు. ఈ భయమూ ఆ నిర్లక్ష్యమూ పైకి ఎంత వేరుగా కనిపించినా రెండూ ఒకే వెలితి నుంచి పుట్టాయి. ఇలాంటి కసరత్తు ద్వారా ప్రభుత్వం దేన్ని పరీక్షిస్తోందో, పరీక్ష ముగిశాక ఏం జరగాలో ప్రజలకు వివరంగా చెప్పేవారు తక్కువ.

డ్రిల్ వేరు, విన్యాసం వేరు

మన వాడుకలో అన్నిటినీ మాక్ డ్రిల్ అనేస్తాం గానీ, విపత్తు నిర్వహణలో పనిచేసేవారు డ్రిల్‌నూ విన్యాసాన్నీ వేర్వేరుగా చూస్తారు. ఒకే ఒక్క పనిని చేతికి అలవాటు చేయడం డ్రిల్ ఉద్దేశం. అలారం మోగగానే మెట్ల మీదుగా దిగి మైదానంలో చేరడం, భూకంపం వస్తే బల్ల కిందకు దూరి తల కాపాడుకోవడం ఇలాంటివే. ఇక్కడ ఏం చేయాలో ముందే తెలుసు, అది ఆలోచించకుండా జరిగిపోయేలా చేయడమే లక్ష్యం. విన్యాసం అలా కాదు. అది మనుషుల కంటే ముందు ప్రణాళికను పరీక్షకు పెడుతుంది. కాగితం మీద రాసుకున్న ఏర్పాట్లు నిజంగా ఆపద వచ్చిన రోజున నిలబడతాయా, ఒక శాఖ అనుకున్నదీ మరో శాఖ అనుకున్నదీ ఒక్కటేనా, నిర్ణయం తీసుకోవాల్సిన వ్యక్తికి సమాచారం సమయానికి చేరుతుందా అన్న ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది.

విన్యాసాల్లోనూ స్థాయిలున్నాయి. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో జరిగేది టేబుల్‌టాప్: బాధ్యులైన అధికారులంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఊహించిన ఆపదను గంట గంటకూ ఎలా ఎదుర్కొంటారో చెప్పాలి. దాని తర్వాతి స్థాయిలో కంట్రోల్ రూములు నిజంగానే పనిచేస్తాయి, ఫోన్లూ సందేశాలూ నిజంగానే నడుస్తాయి, వాహనాలూ సిబ్బందీ మాత్రం కదలరు. పూర్తి స్థాయి విన్యాసంలో అంబులెన్సులు పరుగెత్తుతాయి, క్షతగాత్రులుగా నటించేవారిని స్ట్రెచర్ల మీద మోస్తారు. టీవీలో మనకు కనిపించేది ఈ చివరిదే. అసలైన లోపాలు మాత్రం చాలాసార్లు కెమెరాలు లేని మొదటి గదిలోనే బయటపడతాయి.

మన దేశంలో ఉన్న గందరగోళానికి చట్టపరమైన నేపథ్యం కూడా కొంత కారణం. 1968 నాటి పౌర రక్షణ చట్టం శత్రుదాడుల నుంచి ప్రజలను కాపాడడం కోసం వచ్చింది. 2009 నాటి సవరణతో విపత్తులు కూడా దాని పరిధిలో చేరాయి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తుపానులు, భూకంపాలు, రసాయన ప్రమాదాల మీద వేరుగా మాక్ విన్యాసాలు జరుపుతుంది. అవే సైరన్లు, ఆ వాలంటీర్లే ఒక రోజున దాడి కోసం, మరో రోజున తుపాను కోసం అభ్యాసం చేయడం సాధారణమే కాబట్టి, ఒక డ్రిల్ ప్రకటించినంత మాత్రాన ఏదో ముంచుకొస్తోందని అర్థం కాదు. అయితే 2025 మేలో జరిగినది పహల్గాం దాడి తర్వాతి ఉద్రిక్త పరిస్థితుల మధ్య ప్రకటించినదే కాబట్టి, ప్రజలు దానికీ దీనికీ ముడిపెట్టడంలో అసహజమేమీ లేదు.

బల్ల చుట్టూ ఏం జరుగుతుంది

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. నది ఒడ్డున ఒక పట్టణం, అందులో వంద పడకల ఆసుపత్రి ఉన్నాయి. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారనీ, ఆరు గంటల్లో నీరు పట్టణాన్ని తాకుతుందనీ విన్యాసం నడిపే వ్యక్తి చదివి వినిపిస్తారు. మంచం దిగలేని రోగులు నలభై మంది ఉన్నారనీ, వారిని అంబులెన్సుల్లో పక్క పట్టణానికి తరలిస్తామనీ ఆసుపత్రి ప్రతినిధి చెబుతారు. ప్రణాళిక పుస్తకంలో ఉన్నదీ ఆ ఒక్క వాక్యమే.

అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. అంబులెన్సులు ఎన్ని? నాలుగు. ఒక్కో దాంట్లో ఎందరు పడతారు? పడుకున్న రోగి అయితే ఒక్కరే. వెళ్లి రావడానికి ఎంతసేపు? రోగిని ఎక్కించి దించే సమయంతో కలిపి గంటన్నర. ఆరు గంటల్లో ఒక్కో అంబులెన్సు నాలుగుసార్లు తిరగగలదు, అంటే నాలుగు వాహనాలూ కలిసి పదహారు మందిని చేర్చగలవు. మిగిలిన ఇరవై నలుగురి సంగతి పుస్తకంలో లేదు. ఇంతలో బల్లకు అవతలి వైపు కూర్చున్న సంక్షేమ శాఖ అధికారి తమ పుస్తకం తిరగేసి, వృద్ధాశ్రమం ఖాళీ చేయించడానికి తామూ ఆ నాలుగు అంబులెన్సులనే లెక్కలో వేసుకున్నామని చెబుతారు. ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. రెండు శాఖలు ఒకే వాహనాన్ని తమదనుకున్నాయి, అంతే.

అంతలో నడిపే వ్యక్తి మరో చీటీ చదువుతారు: పక్క పట్టణానికి వెళ్లే వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. ఇలా మధ్యమధ్యలో వదిలే కొత్త మలుపులను ఇంజెక్ట్‌లు అంటారు. పాల్గొన్నవారిని ఇరుకున పెట్టడం వీటి ఉద్దేశం కాదు. ఆపద ఎప్పుడూ ప్రణాళిక రాసిన వరుసలో రాదు కాబట్టి, వరుస తప్పినప్పుడు ఎవరు ఎవరిని అడుగుతారో, ఎవరి మాట చెల్లుతుందో చూడడానికే వాటిని పెడతారు. విన్యాసం ముగిసిన వెంటనే జరిగే సమీక్షలో, ఆ తర్వాత రాసే నివేదికలో ఈ లోపాలన్నీ నమోదు కావాలి. ఫలానా లోపాన్ని ఫలానా అధికారి ఫలానా తేదీలోగా సరిచేయాలి అన్న వాక్యం ఆ నివేదికలో లేకపోతే, ఆ మధ్యాహ్నమంతా వృథా అయినట్టే అని నా అభిప్రాయం.

విఫలమైనట్టు కనిపించినదే ఉపయోగపడినప్పుడు

డ్రిల్ విజయవంతంగా ముగిసింది అన్న ప్రకటన మనకు అలవాటైపోయింది. ఏ లోపమూ బయటపడలేదంటే ఏర్పాట్లు పటిష్ఠంగా ఉన్నాయనీ అనుకోవచ్చు, పరీక్షే తేలిగ్గా పెట్టారనీ అనుకోవచ్చు. రెండో అవకాశాన్ని ఎవరూ ప్రస్తావించరు.

జర్మనీలో 2020 సెప్టెంబరు 10న జరిగిన జాతీయ హెచ్చరిక దినాన్ని చూడండి. ఉదయం 11 గంటలకు దేశమంతటా ఒకేసారి సైరన్లు మోగాలి, ఫోన్లలోని ప్రభుత్వ హెచ్చరికల యాప్ ‘నీనా’కు హెచ్చరిక రావాలి. కేంద్రంతో పాటు అనేక స్థానిక కేంద్రాలు కూడా అదే క్షణంలో సందేశాలు వదలడంతో వ్యవస్థ మీద భారం పెరిగి, యాప్ హెచ్చరిక అరగంట ఆలస్యంగా చేరింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సైరన్లు తీసేసిన పట్టణాల్లో అసలు ఏ శబ్దమూ వినిపించలేదు. అంతర్గత వ్యవహారాల శాఖ స్వయంగా ఈ ప్రయత్నం విఫలమైందని ప్రకటించింది, పౌర రక్షణ విభాగం అధిపతి పదవి కోల్పోయారు.

నిజానికి ఒక విన్యాసం బయటపెట్టగలిగిన అత్యంత విలువైన సమాచారం అదే. ఆ తర్వాత జరిగినదే బాధాకరం. వ్యవస్థ ఇంకా సిద్ధం కాలేదంటూ 2021 హెచ్చరిక దినాన్ని రద్దు చేశారు. ఆ ఏడాది జులై మధ్యలో ఆర్ నది లోయలోనూ చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ వచ్చిన వరదల్లో జర్మనీలో 180 మందికి పైగా చనిపోయారు, హెచ్చరిక చాలామందికి సమయానికి చేరలేదు. ఏ యాప్ అవసరమూ లేకుండా ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ విధానాన్ని ఆ తర్వాతే తెచ్చారు. 2022 డిసెంబరు 8న దాన్ని దేశవ్యాప్తంగా పరీక్షించారు.

ముందే తెలిసిన ఆపదలు

2004 జులైలో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ‘హరికేన్ పామ్’ అనే ఊహాజనిత తుపాను మీద ఐదు రోజుల విన్యాసం జరిగింది. న్యూ ఆర్లీన్స్‌ను నీరు ముంచెత్తుతుందనీ, సొంత వాహనం లేని వేలాది మంది నగరంలోనే చిక్కుకుపోతారనీ, వారికి ఆశ్రయమూ వైద్యమూ పెద్ద సమస్య అవుతాయనీ అందులో తేలింది. పదమూడు నెలల తర్వాత, 2005 ఆగస్టు 29న నిజమైన తుపాను కత్రినా వచ్చేనాటికి ఆ విన్యాసం ఆధారంగా రాయాల్సిన ప్రణాళికలు ఇంకా అసంపూర్తిగానే ఉన్నాయి. కార్లున్నవారిని నగరం దాటించే ఏర్పాట్లు చాలావరకు పనిచేశాయి. కార్లు లేనివారు నీళ్ల మధ్య మిగిలిపోయారు.

బ్రిటన్‌లో 2016 అక్టోబరులో మూడు రోజులు జరిగిన ‘సిగ్నస్’ విన్యాసంలో తొమ్మిది వందల మందికి పైగా పాల్గొన్నారు. తీవ్రమైన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశాన్ని పట్టి ఏడో వారంలోకి అడుగుపెట్టిందన్నది అందులోని పరిస్థితి. అలాంటి ఉపద్రవాన్ని తట్టుకోవడానికి దేశం సన్నద్ధత చాలదని నివేదిక సూటిగానే రాసి, 22 సిఫారసులు చేసింది. కోవిడ్ తొలి కెరటం దేశాన్ని కుదిపేసిన తర్వాత, 2020 జూన్ నాటికి కూడా వాటిలో పూర్తయినవి ఎనిమిదేనని కోవిడ్ విచారణ కమిషన్ 2024 జులైలో ఇచ్చిన నివేదికలో పేర్కొంది.

అయితే ఇక్కడ న్యాయంగా చూడాల్సిన రెండో కోణం ఉంది. సిగ్నస్ ఊహించినది ఇన్‌ఫ్లుయెంజా, వచ్చినది కరోనా వైరస్. బ్రిటన్ తప్పుడు మహమ్మారికి సిద్ధపడిందని ఆ కమిషనే అన్నది. అంటే సిఫారసులన్నీ అమలు చేసి ఉన్నా, పరీక్షలు జరపడం, రోగి ఎవరెవరిని కలిశాడో వెతకడం వంటి విషయాల్లో ఖాళీలు మిగిలే ఉండేవి. ఒక కథనాన్నే పదేపదే అభ్యసిస్తే ఆ కథనంలో మాత్రమే ఆరితేరుతామన్న విమర్శ ఇక్కడి నుంచే వస్తుంది. దానికి విపత్తు నిర్వహణ నిపుణులు చెప్పే సమాధానం కూడా బలమైనదే: కారణం ఏదైనా సమాచారం పంచుకోవడం, మనుషుల్ని తరలించడం, ఆసుపత్రి పడకలు సమకూర్చడం అన్నిటిలోనూ ఉంటాయి, ఆ ఉమ్మడి పనులు బాగుపడితే తెలియని ఆపదలోనూ పనికొస్తాయి.

ఒకే ఊరు, రెండు అభ్యాసాలు

డ్రిల్ ఎలా ప్రాణం పోస్తుందో, ఎలా ప్రాణం తీయగలదో రెండూ ఒకే చోట కనిపించిన సందర్భం ఒకటుంది. జపాన్ ఈశాన్య తీరంలోని కమైషి పట్టణంలో ఉనొసుమై అనే ప్రాంతం ఉంది. అక్కడి ప్రాథమిక పాఠశాలా మాధ్యమిక పాఠశాలా పక్కపక్కనే ఉండేవి. సునామీ ప్రమాద పటం ప్రకారం ఆ బడుల దాకా నీరు రాదు. కానీ విపత్తు నిపుణుడు తొషితాకా కటాడా కొన్నేళ్లుగా అక్కడి ఉపాధ్యాయులకూ పిల్లలకూ నేర్పినది వేరు: పటాన్ని గుడ్డిగా నమ్మకండి, ఆ క్షణంలో చేయగలిగినదంతా చేయండి, ఎవరి కోసమూ ఆగకుండా ముందుగా మీరే పరుగెత్తండి.

2011 మార్చి 11న భూమి కంపించినప్పుడు కరెంటు పోయి, బడిలోని మైకు పనిచేయలేదు. మాధ్యమిక పాఠశాల విద్యార్థులు పరుగు మొదలుపెట్టారు. ప్రాథమిక పాఠశాల పిల్లలను అప్పటికే మూడో అంతస్తుకు చేరుస్తున్నారు. పెద్దపిల్లలు పరుగెత్తడం చూసి వారూ కిందకు దిగి వెంట నడిచారు. ముందుగా నిర్ణయించిన చోటికి అందరూ చేరాక, దాని వెనక కొండచరియ విరిగిపడి ఉండడం గమనించారు. ఇక్కడ ఆగితే లాభం లేదని చిన్నవారి చేతులు పట్టుకుని మరింత పైకి వెళ్లారు, అక్కడి నుంచి ఇంకా పైకి ఎక్కారు. వారు వదిలి వచ్చిన చోటును నీరు ముంచేసింది. పట్టణం మొత్తం మీద సుమారు మూడు వేల మంది బడిపిల్లల్లో దాదాపు అందరూ బతికారు.

ఆ ఉనొసుమైలోనే విపత్తు నివారణ కేంద్రం అన్న పేరుతో కొత్తగా కట్టిన రెండంతస్తుల భవనం ఒకటుండేది. సునామీ వస్తే వెళ్లాల్సిన అధికారిక ఆశ్రయం అది కాదు. అసలు చోటు ఎత్తు మీద ఉండడం వల్ల డ్రిల్‌కు వచ్చే వృద్ధులు తగ్గిపోతున్నారని, ఎక్కువమంది పాల్గొనాలన్న సదుద్దేశంతో ఈ భవనాన్నే డ్రిల్‌లో చేరే చోటుగా వాడారు. చివరి డ్రిల్ 2011 మార్చి 3న జరిగింది. ఎనిమిది రోజుల తర్వాత నిజంగా భూమి కంపించగానే జనం తాము నేర్చుకున్న చోటికే వెళ్లారు. నీరు రెండో అంతస్తు పైకప్పు దగ్గర దాకా వచ్చింది. అక్కడ వంద మందికి పైగా చనిపోయారు.

హాజరు పెంచడం కోసం అభ్యాసాన్ని సులువు చేయడం ఎక్కడైనా జరిగేదే. కానీ డ్రిల్‌లో శరీరం నేర్చుకున్నదాన్ని ఆపద వేళ బుద్ధి సరిదిద్దలేకపోవచ్చు. ఎంతమంది పాల్గొన్నారన్న అంకె కంటే వారు ఏం నేర్చుకుని ఇంటికి వెళ్లారన్నదే ముఖ్యమని ఈ ఉదంతం గట్టిగా చెబుతుంది.

హెచ్చరికకూ కదలికకూ మధ్య

ప్రజల్లో అవగాహన అంటే కరపత్రాలు పంచడమేనని అనుకుంటారు గానీ, అసలు కష్టం సందేశం చేరాక మొదలవుతుంది. కేవలం లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. వంద మందికి హెచ్చరిక పంపితే ఎనభై మందికి చేరింది. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి అంటే అరవై మందికి అది అర్థమైంది. అర్థమైనవారిలో సగం మంది, అంటే ముప్పై మంది నిజంగా ఇల్లు వదిలారు. ఇప్పుడు కోట్లు ఖర్చుపెట్టి సందేశం వంద మందికీ చేరేలా చేసినా, మిగతా నిష్పత్తులు మారకపోతే కదిలేవారు ముప్పై ఏడెనిమిది మందే. సందేశం ఎనభై మందికే చేరినా, అర్థమైనవారిలో పదింట తొమ్మిది మంది కదిలేలా ముందుగా తర్ఫీదు ఉంటే యాభై నలుగురు బయటపడతారు. అభ్యాసం పనిచేసేది ఈ చివరి మెట్టు మీదే.

ముందుగా చెబితే జనం భయభ్రాంతులవుతారన్న వాదన ప్రభుత్వాల్లో చాలా బలంగా ఉంటుంది. 1963లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విపత్తుల పరిశోధన కేంద్రాన్ని స్థాపించినవారిలో ఒకరైన ఎన్రికో క్వారంటెల్లి దశాబ్దాల పాటు చేసిన అధ్యయనాలు మరోలా చెబుతున్నాయి. విపత్తుల్లో గుంపులు గుంపులుగా మతి తప్పి ప్రవర్తించడం అరుదు, పక్కవారికి సాయపడడమే ఎక్కువ. అయితే భయం రెండు రకాలు. ఆపద నడుమ కలిగే భయం గురించి ఆయన మాట్లాడారు. ఏ ఆపదా లేని రోజున వచ్చే ప్రకటన మార్కెట్‌లో సరుకులు ఎగబడి కొనేలా చేయడం వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసేయలేం. 2016లో జర్మనీ ప్రభుత్వం ప్రతి ఇంట్లో పది రోజులకు ఆహారం, ఐదు రోజులకు నీరు ఉంచుకోవాలని చెప్పే పత్రాన్ని సిద్ధం చేసినప్పుడు అనవసర కలవరం రేపుతున్నారన్న విమర్శ వచ్చింది. స్వీడన్ మాత్రం 2018లో 48 లక్షల ఇళ్లకు, 2024లో మరింత విస్తరించి 50 లక్షలకు పైగా ఇళ్లకు సంక్షోభమూ యుద్ధమూ వస్తే ఏం చేయాలో చెప్పే పుస్తకాన్ని పంపింది. రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచే అలాంటి పుస్తకాలకు అలవాటుపడిన సమాజం కావడం అక్కడ తేడా తెచ్చి ఉండవచ్చు.

దీనికంటే లోతైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇంట్లో సరుకులు నిల్వ ఉంచుకోండి అని చెప్పడమంటే ప్రభుత్వం తన బాధ్యతను పౌరుడి మీదకు నెట్టడమేనని కొందరి వాదన. నిల్వ ఉంచుకునే స్తోమత ఉన్న ఇళ్లు కొన్ని రోజులు తమను తాము చూసుకుంటే, సహాయ సిబ్బంది ఆ స్తోమత లేనివారి దగ్గరకు ముందుగా వెళ్లగలరన్నది ఎదుటి వాదన. రెండోది ఒప్పుకోదగినదే, కానీ ఆ లేనివారి దగ్గరకు ఎవరు ఎలా వెళతారో ప్రణాళికలో రాసి ఉన్నప్పుడే.

చెప్పి చేయాలా, చెప్పకుండానా

ముందుగా ప్రకటించిన డ్రిల్‌లో అందరూ సిద్ధంగా ఉంటారు కాబట్టి నిజమైన వేగం తెలియదు. ప్రకటించకుండా చేస్తే ఏం కావచ్చో 2018 జనవరి 13న హవాయిలో తేలింది. అత్యవసర నిర్వహణ కార్యాలయంలో షిఫ్టు మారే సమయాన ముందస్తు సమాచారం లేకుండా డ్రిల్ మొదలుపెట్టారు. వినిపించిన సందేశంలో ఇది విన్యాసం అన్న మాటా ఉంది, ఇది డ్రిల్ కాదు అన్న మాటా ఉంది. రెండోది మాత్రమే చెవినపడిన ఉద్యోగి నిజమేననుకుని, క్షిపణి దూసుకొస్తోందన్న హెచ్చరికను రాష్ట్రంలోని ఫోన్లన్నిటికీ పంపారు. పొరపాటని చెప్పే రెండో సందేశం చేరడానికి 38 నిమిషాలు పట్టింది, ఎందుకంటే హెచ్చరికను వెనక్కి తీసుకునే సందేశాన్ని ఎవరూ ముందుగా రాసి పెట్టుకోలేదు. ఒక్క ఉద్యోగి తప్పుగా దీన్ని చూడడం తేలిక. డ్రిల్‌కూ నిజానికీ ఒకే తెర, ఒకే రకమైన మాటలు వాడే ఏర్పాటుది అంతకంటే పెద్ద తప్పు.

నివేదిక ఎవరికి చెందాలి

సిగ్నస్ నివేదికను బ్రిటన్ ప్రభుత్వం 2020 అక్టోబరు దాకా ప్రచురించలేదు. దాచడాన్ని సమర్థించేవారి వాదన పూర్తిగా తీసిపారేయదగినది కాదు. మాట బయటికి వస్తుందని తెలిస్తే బల్ల చుట్టూ కూర్చున్నవారు తమ లోపాలను ఒప్పుకోరు, పైగా దేశం ఎక్కడ బలహీనంగా ఉందో శత్రువుకు చెప్పినట్టవుతుంది అంటారు. ప్రచురించాలనేవారు పామ్, సిగ్నస్ రెండింటినీ చూపించి, బయటివారి ఒత్తిడి లేకపోతే సిఫారసులు బీరువాలోనే ఉండిపోతాయంటారు. కోవిడ్ విచారణ కమిషన్ రెండో వైపే మొగ్గింది: దేశవ్యాప్త మహమ్మారి విన్యాసం కనీసం మూడేళ్లకొకసారి జరగాలనీ, దాని ఫలితాలను ముగిసిన మూడు నెలల్లోగా ప్రచురించాలనీ సిఫారసు చేసింది.

నా మట్టుకు నాకు ఈ రెండు వాదనలూ ఒకే రకమైన సమాచారం గురించి మాట్లాడుతున్నట్టు అనిపించదు. అత్యవసర ఇంధన నిల్వ ఎక్కడుందో, ఏ కమ్యూనికేషన్ టవర్ పడిపోతే ఏది ఆగుతుందో రహస్యంగా ఉంచడానికి కారణం ఉంది. ఇరవై నలుగురు రోగులకు వాహనం లేదన్న సంగతిని దాచడానికి అలాంటి కారణమేదీ లేదు, ఎందుకంటే ఆ లోపం వల్ల ప్రమాదం ఆ రోగులకే. ఏది ఏ కోవలోకి వస్తుందో నిర్ణయించే అధికారం ప్రస్తుతం చాలా దేశాల్లో విన్యాసం జరిపిన శాఖ చేతిలోనే ఉంది. ఆ నిర్ణయాన్ని చట్టసభకు గానీ స్వతంత్ర సంస్థకు గానీ అప్పగించాలా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.